లాలో మోచెయ్యి

ఆ ఏడు ఏప్రిల్లో మా ఆయన పిల్లని ఎడమచేత్తో ఎత్తుకోవడం మొదలుపెట్టాడు.

లాలో కుడిచేతివాటం పిచర్, అంటే బ్యాటు పట్టినవాడికి బంతి విసిరేవాడు. మా ఊరి యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టులో శుక్రవారం ఆటకి బంతి అతని చేతికే ఇచ్చేవారు. శుక్రవారం బంతి అందిందంటే జట్టులో వాడే మొనగాడని లెక్క. ఆ కుడిచేతికి మా ఇంట్లో పూజామందిరంలో బొమ్మకున్నంత మర్యాద ఉండేది. సీసా మూత బిగుసుకుంటే అత్తయ్యే తీసిచ్చేది. మొక్కజొన్న పిండి బస్తా నేను మోసేదాన్ని. ఒక్క మా పిల్ల ఇసేలాని మాత్రం లాలో ఆ చేత్తోనే ఎత్తుకునేవాడు.

"ఒరేయ్, ఆ చెయ్యి నీ ఒక్కడిదీ అనుకుంటున్నావేంట్రా" అని అత్తయ్య గోలపెట్టేది.

"నా కూతురు నా ఒక్కడిదేగా అమ్మా" అనేవాడు.

అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున స్నానాల తొట్టిలోంచి పిల్లని ఎడమచేత్తో పైకి తీశాడు. తడిపిల్ల జారింది. మోకాలు అడ్డం పెట్టి ఎలాగో ఆపాడు.

"కుడిచేతికేమైంది?" అన్నాను.

"ఏం కాలేదు. సబ్బుంది."

ఎడమచేతికీ సబ్బుంది. నేను చూశాను. తువ్వాలు అందించాను.

నేను అనుమానపు మనిషిని. పుట్టుకతో కాదు. హైస్కూలు ఆఖరి ఏడు సగంలో ఇసేలా కడుపున పడితే చదువు ఆగిపోయింది. అంతకుముందు నన్ను ఆకాశానికెత్తిన టీచర్లే, ఆ తర్వాత రొట్టెల కొట్లో నేను కనబడితే ట్రేలోని రొట్టెలకేసి చూస్తూ మాట్లాడేవారు. అప్పట్నుంచీ ఎవరైనా తియ్యగా పలకరిస్తే వాళ్ళకి ఏం కావాలో ముందు వెతుక్కుంటాను. ఆ వసంతంలో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా తియ్యగానే మాట్లాడారు.

ఎందుకంటే అది లాలోకి కాలేజీలో మూడో ఏడు. మూడో ఏడు అయ్యాక పెద్ద క్లబ్బులు కాలేజీ కుర్రాళ్ళని డ్రాఫ్ట్‌లో, రౌండ్ల వారీగా వంతులు వేసుకుని, ఏరుకోవచ్చు. మూడో ఏడులో ఉన్నవాడి చేతిలో ఒక ఆయుధం ఉంటుంది: నేనడిగినంత ఇస్తే వస్తాను, లేకపోతే ఇంకో ఏడు చదువుకుంటాను అని బెదిరించవచ్చు. నాలుగో ఏడు కూడా అయిపోయినవాడికి వెనక్కి పోవడానికి చోటుండదు, విదిలించింది పుచ్చుకోవాలి. అందుకని మా ఇంట్లో జూలైలో వచ్చే ఆ డ్రాఫ్ట్ కోసమే అందరం ఊపిరి పీలుస్తున్నాం. అత్తయ్య బడి వంటగదిలో ఉద్యోగం మానేసే రోజు కూడా మనసులో పెట్టేసుకుంది.

మాకో సలహాదారు ఉండేవాడు. విట్లీ అని, హ్యూస్టన్ నుంచి వచ్చేవాడు. ఎప్పుడూ తెల్లబూట్లే. మా దుమ్ములో అవి ఎలా తెల్లగా ఉంటాయో నాకు అర్థమయ్యేది కాదు. కాలేజీలో ఉన్నంతకాలం అతన్ని ఏజెంటు అనకూడదట, సలహాదారు అనాలట. చేసేది అదే పని, పేరే వేరు. పేరు మార్చుకుని తిరిగేవాణ్ణి నేనెలా నమ్ముతాను.

ఇక స్కౌట్లు, అంటే క్లబ్బుల తరఫున కుర్రాళ్ళని చూసి పోయేవాళ్ళు. శుక్రవారం ఆటకి బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక వలకి ఆనుకుని వరసగా కూర్చునేవారు. లాలో చెయ్యి పైకి లేవగానే బంతి వేగం కొలిచే గన్నులు అన్నీ ఒక్కసారే లేచేవి. బంతి పడగానే అన్నీ ఒక్కసారే దిగేవి. నేను ఆట కంటే వాళ్ళనే ఎక్కువ చూసేదాన్ని. వాళ్ళలో డెల్బర్ట్ అనే ముసలాయన ఉండేవాడు. సన్నగా, ఎండకి కందిపోయిన మెడ, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉండేవాడు. అందరూ లాలో చేతికేసి చూస్తుంటే ఆయన మధ్యమధ్య వెనక్కి తిరిగి నాకేసి చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఏప్రిల్ మధ్యలో ఆయన మా ఇంటికొచ్చాడు. స్కౌట్లు ఇళ్ళకి రావడం మామూలే. కుర్రాడి చేతిని మైదానంలో చూస్తారు, కుర్రాణ్ణి ఇంట్లో చూస్తారు. అత్తయ్య ఎద్దుతోక పులుసు వండి పెట్టింది. ఆయన మా స్పానిష్‌ని ముక్కలు ముక్కలుగా మాట్లాడుతూ రెండు గిన్నెలు లాగించాడు. అత్తయ్య అక్కడికే పడిపోయింది.

లాలోని ఏమీ అడగలేదు. నన్ను అడిగాడు.

"ఓడిపోయి వచ్చినరోజు ఏం చేస్తాడమ్మా?"

"తిని పడుకుంటాడు."

"మీతో పోట్లాడతాడా?"

"గెలవనని తనకి తెలుసు సార్."

అత్తయ్య ఫక్కున నవ్వింది. ఆయన కూడా నవ్వి, "ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు?" అన్నాడు.

నా చేతిలో రొట్టె ఆగిపోయింది. మూడు వారాలుగా లాలో కుడిభుజం మీద పడుకోవడం లేదు. మొగుడూ పెళ్ళాల మంచం సంగతి మూడోమనిషికెందుకు?

"పిల్ల ఏ పక్కన ఉంటే దానికి రెండోపక్కకి" అన్నాను.

ఆయన తల ఊపాడు. వెళ్ళేటప్పుడు లాలోని ట్రక్కు దాకా తీసుకెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి చూశాను. ముసలాయన చాలాసేపు ఏదో చెప్పాడు. లాలో బూటుతో మట్టి గీకుతూ విన్నాడు.

లోపలికి రాగానే పట్టుకున్నాను. "ఏమన్నాడు?"

"నెలా పదిహేను రోజులు బంతి ముట్టుకోవద్దన్నాడు. నడుం పట్టిందని కోచ్‌తో చెప్పమన్నాడు."

"ఎందుకట?"

"నా మంచికేనట."

అత్తయ్య గిన్నె కడగడం ఆపేసింది. "ఇప్పుడా? అందరూ చూడ్డానికి వచ్చే టైములోనా?"

విట్లీకి ఫోన్ చేసి టేబుల్ మీద పెట్టారు. విట్లీ ముందు పెద్దగా నవ్వాడు.

"ఇది తాతలనాటి ఎత్తు లాలో. నువ్వు కూర్చుంటే మిగతా క్లబ్బులవాళ్ళు నిన్ను చూడరు. చూడకపోతే నీ పేరు కిందకి జారుతుంది. ఎక్కడికి జారుతుందో అక్కడ ముసలాయన జోలె పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇంకోసారి నీ మంచికే అంటే, నా మంచి విట్లీ చూసుకుంటున్నాడని చెప్పు."

"అమ్మ ముసలోడా" అంది అత్తయ్య. "నా పులుసు రెండు గిన్నెలు తాగి నా కొడుకుని చవగ్గా కొట్టేద్దామనుకున్నాడా. ఈసారి రానీ, గిన్నెలో ఒట్టి నీళ్ళు పోస్తాను."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. డెల్బర్ట్ మీద నాకున్న చిరాకంతటికీ ఒక కారణం దొరికింది. విట్లీని నమ్మనిదాన్ని, ఆ ఒక్క విషయంలో నమ్మేశాను. లాలో మాత్రం నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే బూట్లు వేసుకుని ప్రాక్టీసుకి పోయాడు.

మే నెలలో చర్చి ఆవరణలో భోజనం ప్లేట్లు అమ్మారు. కొత్త పైకప్పు కోసం. నేను అన్నం, చిక్కుడుగింజలు వడ్డిస్తున్నాను. లాలో మెస్కీట్ చెట్టు నీడలో ఇసేలాని ఎడమచంకలో పెట్టుకుని స్నేహితులతో మాట్లాడుతున్నాడు. వరసలో చూద్దును కదా, టోపీ చేతిలో పట్టుకుని డెల్బర్ట్.

"మీరు మా చర్చి కాదుగా సార్" అన్నాను.

"ఆకలికి చర్చి ఏముందమ్మా" అని ప్లేటు చాచాడు.

ప్లేటు పుచ్చుకుని సరాసరి లాలో దగ్గరికి నడిచాడు. నాకు అర్థమైపోయింది. ఏ చేత్తో ఎత్తుకున్నాడో చూడ్డానికి వచ్చాడు. గరిటె పక్కావిడకిచ్చి వెనకాలే వెళ్ళాను. నాకు ఇద్దరి సంగతీ అక్కడే తేల్చుకోవాలనిపించింది. ఆయన దొంగో కాదో, ఈయన చెయ్యి బాగుందో లేదో.

"ఇటివ్వు, గౌను సరిచేస్తాను" అని పిల్లని తీసుకున్నాను. గౌను లాగినట్టు లాగి లాలో కుడిచేతిలో పెట్టాను.

లాలో నాకేసి ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. పిల్లని పట్టుకున్నాడు. డెల్బర్ట్‌తో వర్షాల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఇసేలా ముసలాయన టోపీ అందుకుందామని ముందుకి వంగింది, దాని బరువంతా తండ్రి మోచేతి మీద పడింది. లాలో పెదవుల్లో రంగు పోయింది. మాట మాత్రం ఆగలేదు. కణతల మీద చెమట పట్టింది, కాని మేలో మా ఊళ్ళో అందరికీ పడుతుంది.

డెల్బర్ట్ ఆ చేతికేసి చూస్తాడనుకుని ఆయన కళ్ళనే కాపు కాశాను. ఆయన చేతికేసి చూడనేలేదు. నా మొహంలోకి చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక గది తలుపు వేసి, "డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"ఏం చూపిద్దాం?"

"లాలో."

మంచం అంచున కూర్చున్నాడు. మోచెయ్యి చాపితే పూర్తిగా తిన్నగా రాలేదు. మొదటిసారి నా ముందు దాచుకోకుండా చాపాడు.

"డాక్టరు మోచేతి లోపలి ఫొటో తీస్తాడు నొయీలియా. తీస్తే ఆ ఫొటో ఉంటుంది. ఉందంటే ఎవరో ఒకరు అడుగుతారు. తియ్యకపోతే లేదు. జూలై దాకా ఓర్చుకో."

"ఓర్చుకోవలసింది నేనా?"

"నువ్వే. నాకు అలవాటైపోయింది."

"మీ అమ్మకి?"

"అమ్మకి చెప్పావంటే చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తుంది. ఎందుకని ఊరంతా అడుగుతారు."

ఆ మాటకి నవ్వొచ్చింది, నవ్వినందుకు నామీద నాకే కోపం వచ్చింది. అప్పటికీ నేను అనుకున్నదొక్కటే: ముసలాయనకి చెయ్యి సంగతి తెలిసిపోయింది, దాన్ని అడ్డం పెట్టుకుని ధర తగ్గిస్తాడు. ఏప్రిల్లో ఆగమన్నది వేరే ఎందుకో కావచ్చని నాకు తట్టలేదు.

మే ఆఖర్లో టోర్నమెంటు. మా కోచ్ హార్లన్ కుర్రాళ్ళందరినీ 'నాయనా' అని పిలిచేవాడు. వచ్చే ఏడు తన దగ్గర ఉండడనుకున్న నాయన చేత ఆయన ఎన్ని బంతులు విసిరిస్తాడో నేను ముందే ఊహించాను. గురువారం విసిరిన చేతిని, వారమైనా ఆగకుండా, ఆదివారం మళ్ళీ దించాడు. ఏడో ఇన్నింగ్స్‌లో కోచ్ పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీదకి నడిచి వెళ్ళి అరచెయ్యి చాపాడు. అలా చాపితే బంతి ఆ చేతిలో పెట్టి దిగిపోవాలి, అది పద్ధతి. లాలో బంతిని వీపు వెనక్కి దాచేశాడు. కోచ్ నవ్వి, భుజం తట్టి, వెనక్కి తిరిగి వచ్చేశాడు.

జనం లేచి చప్పట్లు కొట్టారు. అత్తయ్య పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిణ్ణి పట్టుకుని, "వాడు నా కొడుకు. నా కొడుకు వాడు" అని చెప్పింది.

"తెలుసండీ, ఇందాకా చెప్పారు" అందావిడ.

నేను గన్నులకేసి చూస్తున్నాను. లాలో చెయ్యి లేచింది, గన్నులు లేచాయి. బంతి పడింది. స్కౌట్లలో ఒకడు గన్ను మీది అంకె చూసి పెదవి విరిచి పక్కవాడికి చూపించాడు. మళ్ళీ చెయ్యి లేచింది. ఈసారి అన్నీ లేవలేదు. ఒకడు గన్నుని సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు. ఇంకొకడు కాఫీకి లేచాడు. బ్యాటుకి బంతి తగలకుండా లాలో ఒకడి తర్వాత ఒకణ్ణి పంపిస్తూనే ఉన్నాడు, జనం అరుస్తూనే ఉన్నారు. వల వెనకాల మాత్రం దుకాణం కట్టేస్తున్నారు. డెల్బర్ట్ ఆరోజు గన్ను బయటికి తియ్యనే లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

గెలిచారు. కుర్రాళ్ళంతా ఒకడి మీద ఒకడు పడ్డారు. లాలో ఆ గుట్టకి దూరంగా నిలబడి ఎడమచెయ్యి ఊపాడు.

డ్రాఫ్ట్ మూడు రోజులు. మొదటి రెండు రోజులూ మా పెరడు తిరణాలలా ఉంది. బాబాయిలు, పిన్నులు, బొగ్గుల మీద మాంసం, బయటికి లాక్కొచ్చి పెట్టిన టీవీ. క్లబ్బులవాళ్ళు పేరు చదవడానికి ముందే ఫోన్ చేస్తారు. ఈ రౌండులో, ఇంతకి తీసుకుంటే సంతకం పెడతావా అని అడుగుతారు. అవునూ కాదూ చెప్పడానికి రొట్టె తిరగేసేంత టైము కూడా ఇవ్వరు. రెండోరోజు మధ్యాహ్నం ఒక క్లబ్బు ఫోన్ చేసి చెప్పిన మొత్తం లాలో ఆశకి సగం ఉంది. పక్కనే కూర్చున్న విట్లీ నేర్పినట్టే లాలో చెప్పాడు: "కాలేజీకి తిరిగి వెళ్తాను సార్." అవతలివాళ్ళు సరే అని పెట్టేశారు. వేరేవాడి పేరు చదివారు. తర్వాత ఫోన్ మోగలేదు.

"బెట్టు అంటే అంతే, కాసేపు బెంగగా ఉంటుంది" అన్నాడు విట్లీ. అతని రెండో ఫోన్ మోగుతూనే ఉంది. అతను సలహా ఇచ్చే కుర్రాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని ఆరోజే తెలిసింది.

కోచ్ హార్లన్ లాలోకి మెసేజ్ పెట్టాడు. ఏం జరిగినా నీ చోటు నీదే నాయనా అని. అదే వారం పక్క రాష్ట్రంనుంచి ఇద్దరు కొత్త పిచర్లని తెచ్చుకున్నాడు. ఇద్దరూ కుడిచేతివాళ్ళే.

మూడోరోజుకి పెరట్లో జనం పలచబడ్డారు. టీవీలో పేర్లు సంతలో కూరగాయలు అరిచినట్టు గబగబా చదువుతున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. లాలో స్పీకర్ పెట్టాడు.

"లాలో, నేను డెల్బర్ట్‌ని. మా వంతు రాబోతోంది. ఒకటే ప్రశ్న. చెయ్యి ఎలా ఉంది?"

విట్లీ లేచి నిలబడ్డాడు. మాట బయటికి రాకుండా పెదవులతో చెప్పాడు: బాగుంది. బొటనవేలు పైకెత్తి చూపించాడు. అత్తయ్య, "బాగానే ఉందని చెప్పవేరా, ఆలోచిస్తావేం" అని స్పానిష్‌లో గొణిగింది.



నాకు ఏమైందో తెలియదు, ఫోన్ లాక్కున్నాను. "ఏప్రిల్లో ఎందుకు ఆగమన్నారు సార్?"

అవతల గింజ ఉమ్మిన చప్పుడు వినిపించింది.

"బంతి విసిరాక ప్రతిసారీ చిటికెనవేలూ ఉంగరంవేలూ తొడకేసి రుద్దుకుంటున్నాడమ్మా. మోచెయ్యి చెడి ఆ రెండు వేళ్ళకీ తిమ్మిరెక్కితే చేసే పని అది. నేను పాతికేళ్ళప్పుడు, బంతి విసిరే రోజుల్లో, అలాగే రుద్దుకున్నాను. నాకెవరూ చెప్పలేదు."

నేనూ చూశాను, రుద్దుకోవడం. మట్టి దులుపుకుంటున్నాడనుకున్నాను.

"మరి చర్చికి ఎందుకొచ్చారు?"

"ఆగలేదుగా, చెయ్యి ఎంత చెడిందో చూద్దామని. మీ మొహం చూస్తే తెలిసింది."

"తెలిసీ ఇప్పుడు అడుగుతున్నారా?"

"మొహాలు చూసి నా క్లబ్బుకి రాయలేనమ్మా. అతను చెబితే రాస్తాను."

ఫోన్ లాలో ముందు పెట్టాను. "నువ్వే చెప్పు" అన్నాను. ఏం చెప్పమనో అనలేదు.

లాలో టేబుల్ మీద అరచెయ్యి ఆనించాడు.

"బాగాలేదు సార్. మార్చి నుంచీ బాగాలేదు."

"సరే" అన్నాడు డెల్బర్ట్. ఫోన్ పెట్టేశాడు.

విట్లీ తెల్లబూట్ల మీది దుమ్ము దులుపుకున్నాడు. "ఒక్క మాట లాలో. ఒక్క మాట అంటే అయిపోయేది." రెండో ఫోన్ చెవికి పెట్టుకుని కారు వైపు నడిచాడు. టీవీలో డెల్బర్ట్ క్లబ్బు వంతు వచ్చింది. జార్జియా కుర్రాడెవరిదో పేరు చదివారు.

అంతేనన్నమాట. నిజం చెప్పించుకుని వదిలేశాడు.  విట్లీ చెప్పిందే నిజమైతే, ఈ చేతులతోనే నేను ఫోన్ లాక్కున్నాను.

అత్తయ్య టీవీ గొంతు నొక్కేసింది. లాలో కూలర్ పెట్టెలోంచి బీరు సీసాలు ఒక్కొక్కటే తీసి గడ్డిమీద పెట్టాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యిని ఐసులోకి దించాడు. బాబాయిల ముందు, పిన్నుల ముందు, పట్టపగలు.  ఎండిపోయిన మాంసం ముక్క ఒకటి బొగ్గుల మీద చుయ్యిమంటోంది.

అత్తయ్య వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుంది. "మార్చి అన్నావా?"

"ఊఁ."

"నీ పెళ్ళానికి తెలుసా?"

"తెలుసు."

నాకేసి చూసింది. తిడుతుందనుకున్నాను. "అయితే ఈ ఇంట్లో గుడ్డిదాన్ని నేనొక్కదాన్నేనన్నమాట" అని, లేచి లోపలికెళ్ళి ఫ్రీజర్లోంచి ఇంకో ఐసు సంచి తెచ్చింది. దాన్ని మోకాలికేసి కొట్టి పగలగొట్టి, కొడుకు చేతి మీద పోసింది. "బడికి ఇంకో ఏడాది పోతాన్లే" అంది. "ఆ పిల్లలు నా చేతి కూర లేకపోతే తినరు."

బాబాయిలు ఒక్కొక్కరే లేచారు. ఎవరి గిన్నెలు వాళ్ళు ఏరుకుంటున్నారు. టీవీ మూగగా నడుస్తూనే ఉంది. ఆఖరి రౌండ్లు కాబోలు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఐసులోంచి చెయ్యి తీయకుండా లాలో ఎడమచేత్తో ఎత్తాడు. కాసేపు విని, నాకందించాడు. "నీతో మాట్లాడతానంటున్నాడు."

"మా క్లబ్బు గదిలోవాళ్ళని ఒప్పించడానికి టైం పట్టిందమ్మా" అన్నాడు డెల్బర్ట్. గొంతు బొంగురుపోయి ఉంది. "తీసుకుంటారు. మొత్తం తక్కువ. నిన్న కాదన్నదాంట్లో నాలుగోవంతు ఉండదు. ముందు ఆపరేషన్. ఏడాదిపాటు బంతి పట్టుకోనివ్వరు. మా శిక్షణ శిబిరం ఉన్న అరిజోనాలో ఉండాలి. ఒప్పుకుంటారా? నాకు ఎక్కువసేపు లేదు."

"ఆపరేషన్ ఎవరు చేస్తారు?"

"మా క్లబ్బు డాక్టరు."

"పేరు లేదా ఆయనకి?"

అవతల ఎవరితోనో 'ఒక్క నిమిషం' అన్నాడు. పేరు చెప్పాడు.

"కోశాక బాగుపడకపోతే? మీ క్లబ్బు వద్దు పొమ్మంటే ఎవరు చూస్తారు?"

"ఈ మోచేతికి పూర్తిగా నయమయ్యేదాకా ఖర్చు మాదే."

"మాట చెబుతున్నారా?"

"మాట నమ్మకండి. కాగితం మీద ఉంటుంది. లేకపోతే సంతకం పెట్టనివ్వకండి."

"మిగిలిన ఏడాది చదువు?"

"ఎప్పుడు చదువుకున్నా ఫీజు క్లబ్బు కడుతుంది. అదీ రాయిస్తాను."

"నేనూ పిల్లా?"

"వెంట రావచ్చు. ఇల్లు మీరే వెతుక్కోవాలి. అక్కడి అద్దెలు బాగుండవు, ముందే చెబుతున్నాను."

ఇంకా అడగాల్సింది ఏదో ఉంది. ఆ వసంతమంతా నా గొంతులో ఉన్నదే.

"ఇందులో మీకేంటి సార్ లాభం?"

డెల్బర్ట్ నవ్వలేదు. "చెయ్యి బాగుపడితే, రెండో రౌండులో పోవలసిన పిచర్‌ని ఆఖర్లో చవగ్గా పట్టానని నా పేరు చెప్పుకుంటారు. బాగుపడకపోతే, ముసలాడికి బుర్ర చెడిందంటారు, వచ్చే ఏడు నన్ను పంపరు."

చవగ్గానే కొట్టేస్తున్నాడు. ఆరోజు విట్లీ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కాని ఆర్నెల్లలో మా పెరట్లోకీ వంటింట్లోకీ వచ్చినవాళ్ళలో తన లాభం ఇదీ అని నోటితో చెప్పినవాడు ఈయనొక్కడే. నీ మంచికే అన్న మాట కంటే ఆ మాట నాకు నచ్చింది.

లాలోకేసి చూశాను. అతని వేళ్ళు ఐసు ముక్కల మధ్య నీలంగా కనిపిస్తున్నాయి.

"ఏమంటావ్?" అన్నాను.

"నువ్వేమంటావ్?"

"ఈయన మనల్ని చవగ్గా కొంటున్నాడు."

"తెలుసు."

"చెప్పి కొంటున్నాడు."

లాలో కళ్ళు మూసుకుని తల ఊపాడు. "నువ్వే చెప్పెయ్."

"సరే సార్" అన్నాను ఫోన్‌లో. "పెట్టెయ్యకండి. ఆ డాక్టరు పేరు మళ్ళీ చెప్పండి, మెల్లగా."

అత్తయ్య ఇసేలాని నడుం మీద వేసుకుని కుర్చీలు మడుస్తోంది. నేను టీవీకి వీపు పెట్టి, మిగిలిన పేపర్ ప్లేటు మీద డాక్టరు పేరు ఒక్కొక్క అక్షరమే రాసుకుంటున్నాను. నా వెనకాల, శబ్దం లేని తెర మీద, లాలో పేరు వచ్చి వెళ్ళిపోయిందట. మాలో ఎవరమూ చూడలేదు.